గొంతు పోయిన గాయనికి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నా వయసు నలభై నాలుగు. ఏడో ఏట సరళీ వరసలతో మొదలుపెట్టి ఇన్నేళ్లూ కర్ణాటక సంగీతమే లోకంగా బతికాను. రేడియోలో పాడాను. మా ఊరి గుడిలో పద్ధెనిమిదేళ్లుగా శరన్నవరాత్రులలో ఒక రోజు కచేరీ నాదే. ఇంట్లో పదకొండుమంది పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. నాలుగు నెలల క్రితం థైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఉందని ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసివేశారు. గడ్డ ప్రమాదకరమైనది కాదని తరువాత పరీక్షలో తేలింది. మెలకువ వచ్చాక నర్సును మంచినీళ్లు అడగబోతే గాలి తప్ప మాట రాలేదు. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుందన్నారు. ఇప్పటికీ మాట బొంగురుగా, సగం గాలిగా వస్తోంది. నాలుగు వాక్యాలు మాట్లాడితే ఆయాసం, నీళ్లు తాగితే పొలమారడం. మధ్యస్థాయి పంచమం, ఆ ‘ప’ దాటితే గొంతు పలకదు. పాటకు మూలమైన ‘స’, ఆ ఆధార షడ్జం మీదనే నిలబడలేకపోతున్నాను.

అందరూ ‘ప్రాణం దక్కింది, అదే చాలు’ అంటున్నారు. మా వారు మంచివారే కాని, నేను బాధపడతానని ఇంట్లో పాట ఊసే ఎత్తనివ్వడం లేదు. మొన్న మా అమ్మాయి నా పాత కచేరీ ఫోనులో పెడితే లాక్కుని ఆపేసి, దాన్ని నోటికి వచ్చినట్లు తిట్టాను. ఆ రికార్డింగులన్నీ చెరిపేయాలని అనిపిస్తోంది. పాఠాలు మానేశాను. తంబూరకు గలేబు తొడిగి మూలన పెట్టాను. నా గొంతు తిరిగి వస్తుందా? ఆపరేషన్‌లో పొరపాటు జరిగిందా? గొంతు రాకపోతే ఇక నేనెవరిని? పాడలేని మనిషి పాఠం చెప్పవచ్చునా? దసరా కచేరీకి గుడివారు అప్పుడే కబురు పంపారు. వారికి ఏమని చెప్పను?

– పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ ప్రశ్నలలో కొన్నింటికి వైద్యులు జవాబు చెప్పాలి కనుక, స్వరపేటిక చికిత్సలో అనుభవం ఉన్న ఒక ఈఎన్‌టీ వైద్యురాలితో మాట్లాడిన తరువాతే ఇది రాస్తున్నాను. అయితే వైద్యం సంగతికి ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది.

మీకు కలిగింది వియోగం. మన ఇళ్లల్లో మనిషి పోతే పది రోజులు ఊరంతా వచ్చి పలకరించి పోతుంది. పొయ్యి వెలిగించలేదని పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు. ఏడ్చే మనిషిని ఏడవనిస్తారు. నెలనెలా ఆ తిథిని గుర్తుపెట్టుకుంటారు. ముప్పై ఏడేళ్లు మీతో కలిసి బతికిన గొంతు పోతే మాత్రం పరామర్శకు ఎవరూ రారు. పైగా ‘ప్రాణం దక్కింది కదా’ అని మీ నోటికి తాళం వేస్తారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు, చెడు ఉద్దేశమూ లేదు. కాని ప్రాణం దక్కినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనిషే అదే పూట గొంతు పోయినందుకు వెక్కి వెక్కి ఏడవవచ్చు. ఒకటి రెండోదాన్ని కొట్టివేయదు. మీరు ఏడవండి. మీకు కృతజ్ఞత లేదని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

ఇక గొంతు సంగతి. థైరాయిడ్ గ్రంథికి వెనుకగా, ఇరుపక్కలా, స్వరతంతువులను కదిలించే నాడి ఒక్కొక్కటి వెళుతుంది. ఇది మెదడు నుంచి తిన్నగా స్వరపేటికకు చేరదు. ముందు ఛాతీ వైపు దిగి, ఎడమ పక్కన బృహద్ధమనిని, కుడి పక్కన భుజానికి వెళ్లే పెద్ద రక్తనాళాన్ని చుట్టి, మళ్లీ పైకి ఎక్కుతుంది. గ్రంథిని తీసేటప్పుడు దాన్ని ఆనుకునే పని చేయవలసి ఉంటుంది. ఆ నాడి సాగినా, నలిగినా, తెగినా ఆ పక్క స్వరతంతువు కదలడం మానేస్తుంది. రెండు తంతువులూ ఒకదాని కొకటి ఆనకపోవడంతో మధ్యలోంచి గాలి జారిపోతుంది. మీ మాట సగం గాలిగా రావడానికి, త్వరగా ఆయాసం రావడానికి, నీళ్లు పొలమారడానికి చాలావరకు ఇదే కారణమై ఉండవచ్చు. దీనికి తోడు, తంతువును బిగించి స్వరాన్ని పైకి తీసుకుపోయే కండరానికి వేరొక సన్నని నాడి ఉంది. అదీ దెబ్బతింటే మామూలు మాట కొంత బాగానే ఉన్నా తారస్థాయి, అంటే పై స్వరాలు, పోతుంది. మాట్లాడుకునేవారు గమనించని ఈ లోటు గాయకులకు మొదటి రోజే తెలుస్తుంది.

వీటిలో మీకు ఏది జరిగిందో ఊహించుకుంటూ కూర్చోవద్దు. సన్నని గొట్టం లాంటి కెమెరాతో స్వరతంతువులను చూసే లారింగోస్కోపీ, వాటి కంపనాన్ని నెమ్మదిగా చూపే స్ట్రోబోస్కోపీ చేయించుకోండి. ఈ నాలుగు నెలల్లో ఎవరైనా మీ గొంతులోకి చూశారో లేదో మీరు రాయలేదు. చూడకపోయి ఉంటే ఈ వారమే వెళ్లండి, నీళ్లు ఊపిరితిత్తుల వైపు పోవడం అశ్రద్ధ చేయవలసిన విషయం కాదు. నాడి తెగకుండా కేవలం సాగి ఉంటే కొన్ని వారాల నుంచి కొన్ని నెలలలో కోలుకోవచ్చు. దెబ్బతిన్న నాడి మళ్లీ పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అందుకే శాశ్వతమైన శస్త్రచికిత్సకు ముందు వైద్యులు సాధారణంగా ఏడాది దాకా వేచి చూస్తారు. ఆ లోపల మిమ్మల్ని ఊరికే ఉండమని కాదు. కదలని తంతువును కొంత ఉబ్బేలా చేసి రెండోదానికి దగ్గర చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. కొన్ని నెలలకు అవి కరిగిపోతాయి, అప్పటికి నాడి కోలుకుంటే మంచిదే. కోలుకోకపోతే మెడ ముందున్న మృదులాస్థిలో చిన్న కిటికీ కోసి, చిన్న దిమ్మ లాంటిదాన్ని అమర్చి తంతువును మధ్యకు నెట్టే చికిత్స ఉంది. జపాన్ వైద్యుడు ఇష్షికి 1970లలో రూపొందించిన పద్ధతి అది. దీన్ని చాలాసార్లు మెడ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. రోగి చేత మాట్లాడిస్తూ, ఆ ధ్వనిని వింటూ శస్త్రవైద్యుడు దిమ్మను సరిచేస్తాడు. గాయని అయిన మీరు ఆ బల్ల మీద పడుకుని మీ షడ్జాన్ని మీరే వెతుక్కుంటారని తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

అయితే ఒక నిజం దాచను. ఈ చికిత్సల తరువాత మాట బాగుపడడం, పొలమారడం తగ్గడం ఆశించదగినవే. మునుపటి గొంతు, స్వరాన్ని ఊపి పలికే గమకం ఎక్కడ కావాలంటే అక్కడ తిరిగే ఆ గొంతు, తిరిగి వస్తుందని ఏ వైద్యుడూ హామీ ఇవ్వలేడు. రావచ్చు, కొంత రావచ్చు, రాకపోవచ్చు. నాలుగో నెలలో ఉన్న మీరు ఈ మూడింటిలో ఏదీ ఖాయం చేసుకోకండి.

వాక్ చికిత్స, అంటే స్పీచ్ థెరపీ, ఇప్పుడే మొదలుపెట్టండి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల శిక్షణ పొందిన చికిత్సకులు మన నగరాలలోనూ ఉన్నారు. పొలమారకుండా మింగే పద్ధతి కూడా వారే నేర్పుతారు. వారు చెప్పేదాకా పాత పద్ధతిలో ‘ఆ’ అంటూ స్వరాలు పాడే అకార సాధకం చేయకండి. గాలి జారిపోతున్న గొంతుతో పై షడ్జాన్ని అందుకోవాలని తెల్లవారుజామున ఒంటరిగా బలవంతం చేస్తే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని రెండో ఇబ్బంది తెచ్చిపెడతాయి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. అలా మాట్లాడటమూ శ్రమే. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానండి.

మరొక పరీక్ష గురించి ఎవరూ మీకు చెప్పి ఉండకపోవచ్చు. గ్రంథి మొత్తం తీసివేశారు కనుక మీరు రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకుంటూ ఉంటారు. ఆ మోతాదు చాలకపోతే నీరసం, నిద్రమత్తు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు అన్నీ వస్తాయి. గొంతు కూడా మందంగా, బొంగురుగా మారుతుంది. మీ దుఃఖానికి తగిన కారణం ఉంది, అందులో అనుమానం లేదు. కాని ఆ దుఃఖం మీద మందు చాలకపోవడం వల్ల మరో బరువు పడి ఉందేమో టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో తేలిపోతుంది.

పొరపాటు జరిగిందా అని అడిగారు. ఎంతో జాగ్రత్తగా చేసినా ఈ ఆపరేషన్‌లో ఆ నాడికి దెబ్బ తగిలే అవకాశం ఉందని వైద్య గ్రంథాలన్నీ చెబుతాయి, సంతకం చేయించుకునే పత్రంలోనూ సాధారణంగా రాసి ఉంటుంది. అయితే మీరు గాయని అని తెలిసి, ఆ ప్రమాదాన్ని మీకు విడమరచి చెప్పారా అన్నది వేరే ప్రశ్న, అది అడిగే హక్కు మీకు ఉంది. ఆపరేషన్ వివరాలు రాసిన కాగితాలు అడిగి తీసుకోండి. నాడిని చూశారా, కాపాడారా అన్నది అందులో ఉంటుంది, ముందు చికిత్సకూ అది అవసరం. కోపం వస్తే రానివ్వండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: గొంతు రాకపోతే నేనెవరిని?

మా పెదనాన్నగారు మృదంగం వాయించేవారు. యాభై రెండో ఏట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట, నడక ఆరు నెలల్లో కుదుటపడ్డాయి. చెయ్యి రాలేదు. మృదంగం ఎడమ మూతకు కచేరీకి ముందు తడిపిన రవ్వముద్ద అంటిస్తారు, అది ఉంటేనే ఆ గంభీరమైన నాదం పలుకుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ రవ్వ తడిపి ఇచ్చింది మా పెద్దమ్మ. ఆయనకు జబ్బు చేసిన తరువాత కూడా చాలా రోజులు సాయంత్రం అయ్యేసరికి ఆవిడ చెయ్యి రవ్వ డబ్బా మీదకు వెళ్లేది. గిన్నెలో రవ్వ పోసి, నీళ్లు చిలకరించి, అప్పుడు గుర్తొచ్చి అలాగే నిలబడిపోయేది. ఒకసారి నేను చూశాను. ఆ ముద్దను పారేయలేక కిటికీ గట్టు మీద పిచ్చుకలకు పెట్టింది. పెదనాన్నగారు మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నారు, ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో పోయింది ఒక్క చెయ్యి కాదని నాకు ఆ రోజు తెలిసింది. రోజులో ఒక గంట పోయింది, భార్యాభర్తల మధ్య ఒక పని పోయింది, వీధిలో జనం పిలిచే పిలుపు పోయింది.

ఆయన మళ్లీ వాయించలేదు. ఏడాదిన్నర గడిచాక ఇద్దరు పిల్లలకు సొల్లు, అంటే తకధిమి వంటి మృదంగం పలుకులు, చెప్పడం మొదలుపెట్టారు, నోటితో చెబుతూ, ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తూ. ఆ పని ఆయనకు ఇష్టమే. కాని ఉత్సవాల రోజుల్లో గుడి వైపు నుంచి మృదంగం వినిపిస్తే చివరి దాకా ఆయన తలుపు వేసుకునేవారు. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, మిగిలినదానితో బతకడం, పోయినదాని కోసం బాధపడడం ఒకదాని తరువాత ఒకటిగా వరసగా జరగవు. రెండూ పక్కపక్కనే, ఏళ్ల తరబడి నడుస్తాయి. ఇంకా బాధ కలుగుతోంది కాబట్టి నేను కోలుకోలేదు అని మిమ్మల్ని మీరు నిందించుకోకూడదు.

‘నేనెవరిని’ అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు అవసరం లేదని నా నమ్మకం. గొంతు పోయిన నాలుగో నెలలో ‘ఇక నేను ఏమీ కాను’ అనుకోవడం ఎంత తొందరపాటో, ‘ఇక నేను వేరే గొప్ప పని చేసి చూపిస్తాను’ అని పంతం పట్టడం కూడా అంతే తొందరపాటు. మీకు చాలామంది సుధాచంద్రన్ గారి ఉదాహరణ చెప్పే ఉంటారు. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన ఆమెను చూసి నేర్చుకోమంటారు. ఆమె పట్ల నాకు గౌరవం అపారం. కాని కాలుకు కట్టుడు కాలు ఉంది, పాడే గొంతుకు కట్టుడు గొంతు లేదు. ఒకరి ధైర్యాన్ని మరొకరి నెత్తిన కొలబద్దగా పెట్టడం న్యాయం కాదు.

మీకు దగ్గరగా ఉన్న కథ కుమార్ గంధర్వ గారిది. బెళగావి ప్రాంతంలో 1924లో పుట్టి, బాల్యంలోనే సభలను ఆశ్చర్యపరిచిన హిందూస్తానీ గాయకుడు. ఇరవై నాలుగేళ్లు నిండకముందే క్షయ పట్టుకుంది. 1948లో పొడి గాలి కోసం మధ్య భారతంలో మాళ్వా ప్రాంతంలోని దేవాస్‌కు చేరారు. వైద్యులు పాడవద్దన్నారు. దాదాపు ఐదేళ్లు పాడలేదు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందు వచ్చాక కోలుకున్నారు కాని ఒక ఊపిరితిత్తి దాదాపుగా పనికిరాకుండా పోయింది. మంచం పట్టిన ఆ ఏళ్లల్లో ఆయన చెవిన పడినవి మాళ్వా జానపదాలు, రూపం లేని దేవుణ్ణి కొలుస్తూ వీధిలో తిరిగే నిర్గుణ భక్తుల పాటలు. 1953లో మళ్లీ వేదిక ఎక్కినప్పుడు పాత దీర్ఘమైన ఊపిరి లేదు. చిన్న చిన్న పలుకులు, వాటి మధ్య నిశ్శబ్దం, హఠాత్తుగా ఎగసే ఒక స్వరం, ఇదీ ఆ తరువాత ఆయన గానం. సంప్రదాయాన్ని పట్టుకున్నవారు కొందరు ఆక్షేపించారు. నేను ఈ కథలో పట్టుకున్నది ఆయన తిరిగి పాడారన్న సంగతిని కాదు. ఆ ఐదేళ్లలో తాను తిరిగి పాడతానో లేదో ఆయనకు తెలియదు. తెలియకుండానే విన్నారు. మీకు ఇప్పుడు మిగిలిన పని అది ఒక్కటే కావచ్చు, వినడం. అదీ ఇప్పుడే చేయలేకపోతే మానండి. కర్ణాటక సంగీతం వింటే గుండె కోసినట్లు ఉంటే మీకు పరిచయం లేని సంగీతం వినండి.

పాఠం చెప్పవచ్చునా అన్నారు. చెప్పవచ్చు, కాని ఇప్పుడు కాదు, చికిత్సకులు గంటసేపు మాట్లాడవచ్చునని చెప్పిన తరువాతే. అప్పుడైనా పదకొండుమందితో మొదలుపెట్టకండి. బాగా పాడే పెద్ద విద్యార్థిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, కీర్తనలోని సంగతిని ఆమె పాడి చూపుతుంది, తప్పు మీరు పట్టుకుంటారు. తోడి రాగంలో గాంధారం ఒక వెంట్రుక వాసి పైకి జారితే పట్టుకునేది మీ చెవి. ఆ చెవికి ఏ నాడీ తెగలేదు. అమెరికా పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్‌కు 1964లో, ముప్పై ఆరో ఏట, కుడిచేతి చివరి రెండు వేళ్లూ తమంతట తామే ముడుచుకుపోవడం మొదలైంది. చనిపోదామని కూడా అనుకున్నానని ఆయన తరువాత దాపరికం లేకుండా చెప్పారు. మూడు దశాబ్దాల తరువాత కొత్త చికిత్సతో రెండు చేతులా వాయించగలిగారు. ఆ మధ్య కాలమంతా ఎడమ చేతి కోసం రాసిన సంగీతం వాయించారు, వాద్యబృందాలు నడిపారు, పాఠం చెప్పారు. తాను వాయించి చూపే వీలు లేకపోయేసరికి ప్రతి విషయానికీ మాట వెతుక్కోవలసి వచ్చిందని, దానివల్ల మెరుగైన గురువునయ్యానని ఆయన అనేవారు. మన గురుపరంపరలో ‘నేను పాడినట్లు పాడు’ అన్నదే పాఠం. ఆ దారి మూసుకుపోయినప్పుడు ఆ గమకం ఏ స్వరం నుంచి బయలుదేరి ఎక్కడ ఊగి ఎక్కడ ఆగుతుందో మీరు మాటల్లో చెప్పవలసి వస్తుంది. అది మీ పాటకు బదులు అని నేను అనను, బదులు లేదు. అది వేరే విద్య.

రికార్డింగులు చెరపకండి. వినమని కూడా అనను. పెన్‌డ్రైవ్‌లు, క్యాసెట్లు ఉంటే అన్నీ మీ అమ్మాయికి ఇచ్చి, రెండు చోట్ల భద్రపరచమని, మీరు అడిగేదాకా మీ ముందు పెట్టవద్దని చెప్పండి. తిట్టినందుకు ‘నీ మీద కోపం కాదమ్మా, నా గొంతు నాకే వినపడితే తట్టుకోలేకపోయాను’ అన్న ఒక్క మాట చెప్పండి చాలు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి నిద్రపోయింది ఆ గొంతు వింటూనే కనుక, మీ ఇంట్లో ఆ వియోగం మీ ఒక్కరిది కాదు. మీ వారితోనూ అంతే. ఆయన పాట ఊసు ఎత్తనివ్వకపోవడం ప్రేమే. కాని వారానికి ఒక సాయంత్రమైనా దాని గురించి మీరు మాట్లాడతారని, ఆయన పరిష్కారం చెప్పకుండా వినాలని అడగండి. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. అర్ధరాత్రి అయినా 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు.

తంబూర గలేబు తీయమని కాని, తీయవద్దని కాని నేను చెప్పను. ఎండాకాలం మూలన పెట్టిన వాద్యం తంత్రులు కొంచెం వదులు చేసి పెట్టమని మాత్రం మీ అమ్మాయికి చెప్పండి.

గుడివారికి ఈ వారమే జవాబు ఇవ్వండి, చివరి దాకా నాన్చితే ప్రతి రోజూ అదే గుబులుగా ఉంటుంది. ‘ఆపరేషన్ అయింది, ఈ ఏడాది పాడలేను’ అని రాసి పంపితే సరిపోతుంది. వచ్చే ఏడాది సంగతి రాయకండి. మీ రోజున మీ విద్యార్థినులలో ఒకరిని పాడించమని వారు అడగవచ్చు. ఆ మాటకు మీ మనసు ఒప్పుకుంటే సరే, ఒప్పుకోకపోతే వద్దని చెప్పండి, కారణం చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రం గుడికి వెళ్లాలో ఇంట్లోనే ఉండాలో ఆ రోజు మధ్యాహ్నం నిర్ణయించుకోండి. గొంతు పరీక్ష అయిన తరువాత అందులో ఏమి కనబడిందో నాకు రాయండి, ఎదురు చూస్తాను.